స్పడ్‌ను నిలబెట్టడం

లియోనా ట్రెవిన్ చక్రాల కుర్చీ ర్యాంపు చివరిదాకా ఎక్కింది. ముందు చక్రాలు బండి అంచు మీద టక్కుమన్నాయో లేదో, గుర్రం బయలుదేరింది.

పరుగేమీ కాదు, నాలుగడుగులు. ఆ నాలుగడుగులకే బండి ముందుకు జరిగి, తనతోపాటు ర్యాంపునూ ఈడ్చుకుపోయింది, కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. వెనకనుంచి కుర్చీని తోస్తున్న డగ్ మెకార్డిల్ నలభయ్యేళ్లు పాడి ఆవుల్ని సాకినవాడు, మొండికేసినదాన్ని భుజంతో ఆపడం తెలిసినవాడు. ఆ భుజాన్నే కుర్చీకి అడ్డం పెట్టాడు. గుర్రం తల దగ్గరున్న బెర్నిస్ ఆట్వెల్ కళ్లెం పట్టుకుని వేలాడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గుర్రం మాత్రం తానేదో ఘనకార్యం చేసినట్టు చెవులు నిక్కించి నిలబడింది. దాని పేరు స్పడ్. వచ్చి వారమైంది.

బెర్నిస్‌కు డెబ్బై ఒక్కేళ్లు. కూరాబెల్ ఊరి సంతలు జరిగే షోగ్రౌండ్‌లో ప్రతి గురువారం, ఒంట్లో ఏదో ఒక అవయవం మాట వినని మనుషుల చేత గుర్రబ్బండి తోలించే బృందాన్ని ముప్పై ఏళ్లుగా నడుపుతోంది. తోలే మనిషి చేతిలో ఒక జత పగ్గాలుంటాయి, పక్కన కూర్చునే బెర్నిస్ చేతిలో ఇంకో జత. ఈ ముప్పై ఏళ్లలో ఆమె బండి మీంచి ఒక్క మనిషి కూడా కింద పడలేదు. అదంటే ఆమెకు గర్వం, ఆ గర్వాన్ని దాచుకునే అలవాటూ లేదు.

లియోనాను కిందికి దింపాక బెర్నిస్ ఒకటే మాట అంది. "శుక్రవారం దీన్ని ఇచ్చిన చోటికే పంపించేస్తున్నా."

లియోనా నవ్వింది. నవ్వాల్సిన సమయం కాదది, కానీ ఆమె తీరే అంత. భయమేస్తే నవ్వొస్తుంది.

"అది చేసిన తప్పేంటి బెర్నిస్? దానికి చెప్పిన చదువే అది అప్పజెప్పింది," అంది.

ఆ చదువేమిటో లియోనాకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. స్పడ్ తొమ్మిదేళ్లు ట్రాట్స్‌లో పరుగెత్తిన గుర్రం. రెండు చక్రాల తేలికపాటి బండి కట్టి, గుర్రాన్ని దుడుకు నడక మీద పరుగెత్తించే పందేలవి. లియోనా పాతికేళ్లు ఆ బండి మీదే బతికింది. పందెపు బండి ఎక్కేటప్పుడు గుర్రాన్ని ఎవరూ ఆపరు. అది నడుస్తూనే ఉంటుంది, తోలేవాళ్లు పక్కనే నాలుగడుగులు నడిచి, ఎగిరి సీట్లో కూర్చుంటారు. వీపు వెనక బరువు పడిందంటే ఇక పదమని అర్థం. అలాంటి గుర్రం వెనక నూట ఇరవై కిలోల మనిషినీ కుర్చీనీ దభాలున ఎక్కించి, నిలబడరా అంటే అదెందుకు నిలబడుతుంది?

ఆరేళ్ల కిందట ఒక చిన్న ఊరి ట్రాక్ మీద, మూడో చుట్టు మలుపులో, పక్క బండి చక్రంలో లియోనా బండి చక్రం చిక్కుకుంది. ఆ రోజు నుంచి నడుము కింద ఒళ్లు ఆమెది కాదు. కుడి చేతి మూడు వేళ్లూ అంతే. అందుకే బృందంలో ఆమె పగ్గాలకు ఉంగరాల్లాంటి తోలు పిడులు కుట్టారు, వేళ్లు దూర్చి లాగడానికి. మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిడుల్ని చూసి, ఇది పిల్లలాడుకునే బండి అని మొహం చిట్లించిన మనిషే, ఇప్పుడు నాలుగేళ్లుగా ఒక్క గురువారం కూడా మానలేదు. మిగతా ఆరు రోజులూ తనను ఎవరో ఒకరు ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతారు. గురువారం ఒక్కటే తాను ఇంకొకర్ని తీసుకుపోయే రోజు. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, రోజూ వేసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ గురువారానికే ఎసరొచ్చింది. కుర్చీతో సహా ఎక్కించే బండి బరువైనది. దాన్ని ఇన్నాళ్లూ లాగిన డచెస్‌కు కీళ్లు అరిగిపోయి, వేసవిలోనే విశ్రాంతి ఇచ్చేశారు. మిగిలింది పెప్పర్ అనే పొట్టి గుర్రం. అది లాగే బండికి మెట్టు ఉంది, ర్యాంపు లేదు. మెట్టెక్కగలిగిన వాళ్లకు దిగుల్లేదు. లియోనాకు మాత్రం స్పడ్ ఉంటేనే బండి. ఈ నెల పందొమ్మిదిన మెల్‌బోర్న్ నుంచి, ఇలాంటి బండ్లకు కట్టే కొత్త గుర్రాల్ని చూసి పాస్ చేసే పరీక్షకురాలు వస్తుంది. కుర్చీ ఎక్కించేటప్పుడు, ఎక్కించాక రెండు నిమిషాలు, స్పడ్ కాలు కదపకుండా నిలబడితే బృందంలో ఉంటుంది. లేకపోతే పెద్ద బండి మీద టార్పాలిన్ కప్పేయడమే.

"పదకొండు రోజులున్నాయి. నేను నిలబెడతా," అంది లియోనా.

"నువ్వు పరుగెత్తించేదానివి తల్లీ. నిలబెట్టేదానివి కాదు," అంది బెర్నిస్.

"అందుకే నాకు తెలుసు దాని సంగతి."

బెర్నిస్ స్పడ్‌ను బండి నుంచి విప్పింది. తర్వాత, రేపు తొమ్మిదింటికి రమ్మనీ, హెల్మెట్ లేకుండా వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాననీ చెప్పింది. ఆమె సరేనన్నదానికి గుర్తు అదే.

మర్నాడు డగ్ తన పొలంలో పండిన బంగాళాదుంపల బస్తాలు తెచ్చాడు. ఖాళీ కుర్చీలో బస్తాలు పేర్చి, తాడు కట్టి, ర్యాంపు మీదికి తోశాడు. బరువు పడగానే స్పడ్ ఒక అడుగు వేసింది. బెర్నిస్ దాన్ని వెనక్కి నడిపించి, మళ్లీ అదే చోట నిలబెట్టింది. మళ్లీ తోశారు. మళ్లీ అడుగు. లియోనా పక్కన ఇంకో కుర్చీలో కూర్చుని, అడుగు వేస్తే కోపగించుకోవద్దనీ, నిలబడితే పొగడొద్దనీ, మెడ మీద చెయ్యి పెట్టి ఊరుకోమనీ చెబుతూ ఉంది. పందెపు గుర్రానికి పొగడ్త కూడా పరుగెత్తమన్నట్టే వినిపిస్తుందట. మధ్యాహ్నానికి డగ్ భుజాలు పడిపోయాయి. సాయంత్రానికి స్పడ్ ఒక్కసారి నిలబడింది. రెండో రోజు పదిసార్లకు ఏడుసార్లు. మూడో రోజు బస్తాలు ఎక్కుతున్నా దిగుతున్నా అది గడ్డి నములుతూ ఎటో చూస్తోంది.

నాలుగో రోజు లియోనా ఎక్కింది. అంచు మీద చక్రాలు టక్కుమన్నాయి. స్పడ్ బయలుదేరింది.

ఆ రోజు ఆరుసార్లు ఎక్కింది, ఆరుసార్లూ అదే వరస. మళ్లీ బస్తాలు పెట్టి చూశారు, నిలబడింది. బస్తాలు తీసి లియోనాను ఎక్కించారు, కదిలింది. లియోనాకు ఒళ్లు మండిపోయింది. కుర్చీ బస్తాల కన్నా గట్టిగా చప్పుడు చేస్తోందంది. డగ్ తోయడం తిన్నగా లేదంది. ర్యాంపు అంచుకు రబ్బరు వేయాలంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ గుర్రాల షెడ్డులో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక వంక పెట్టింది.

డగ్ టీ ఫ్లాస్కు మూత బిగిస్తూ నిదానంగా అన్నాడు. "నా దుంపలకు నిలబడుతోంది. నీకే నిలబడటం లేదు."

"దుంపలు నోరు మూసుకుని కూర్చుంటాయి డగ్," అంది బెర్నిస్.

లియోనా అటు తిరిగింది. తాను ర్యాంపు మీద ఒక్క మాటయినా అన్నానా అని అడిగింది. మాట కాదంది బెర్నిస్. గుర్రం తల పట్టుకుని నిలబడే మనిషికి దాని చెవులు తప్ప ఇంకేం కనిపించవు. బరువు పడకముందే స్పడ్ ఎడమ చెవి వెనక్కి తిరుగుతోంది, ఆ తర్వాతే కాలు లేస్తోంది. అంటే బరువు కన్నా ముందే దానికి ఏదో వినిపిస్తోంది. డగ్‌కు చెవి సరిగా పని చేయదు కాబట్టి అతన్ని అడిగి లాభం లేదు. ఇవాళ ఆరోసారి తాను ఊపిరి బిగబట్టి విన్నానంది బెర్నిస్. "చక్రం అంచెక్కే ముందు నువ్వు నాలుకతో టక్కుమనిపిస్తున్నావు, పందెంలో గుర్రాన్ని పదమన్నట్టు."

లియోనా తాను చేయలేదంది. చేస్తున్నావంది బెర్నిస్. పాతికేళ్ల అనుభవం ఉన్నదాన్ని, నాకు తెలియకుండా నా నోట్లోంచి చప్పుడెలా వస్తుందని లియోనా గొంతు పెంచింది. పాతికేళ్లది కాబట్టే నీకు తెలియట్లేదంది బెర్నిస్, గొంతు పెంచకుండా.

సరే, ఇంకోసారి ఎక్కించమంది లియోనా, కోపంగానే. డగ్ తోశాడు. ఈసారి లియోనా తన నోటినే గమనిస్తూ ఎక్కింది. అంచు దగ్గరికి రాగానే భుజాలు కాస్త వెనక్కి వాలాయి, ఊపిరి లోపలికి పోయింది, నాలుక అంగిట్లోకి లేచి చిన్నగా కొట్టింది. ఎవరో వేరే మనిషి చేసినట్టే జరిగిపోయింది. స్పడ్ నాలుగడుగులు వేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. లియోనాకు ఇది పుట్టుకతో వచ్చింది కాదు, తిండి పెట్టిన బుద్ధి. అలాంటిది ఇంకా మొండిగా ఉంటుంది.

ఆమె కిందికి దిగాక ఎవరి వైపూ చూడలేదు. పనిముట్ల గది పక్కకు కుర్చీ తోసుకుపోయి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. బెర్నిస్ వెనకాలే వచ్చింది. ఓదార్చడం ఆమెకు చేతకాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒక గడ్డిమోపు మీద కూర్చుని ఊరుకుంది.

"కాళ్లు పోయాయి. వేళ్లు పోయాయి. ఆ చప్పుడొక్కటే మిగిలింది నాకు. నేను ట్రాట్స్‌ తోలినదాన్నని గుర్రానికి తెలిసేది దానివల్లే. అదీ వదిలేయమంటున్నావు," అంది లియోనా.

"వదిలేయమనలేదు. ఎప్పుడు చేస్తున్నావో తెలుసుకుని చెయ్యమంటున్నా," అంది బెర్నిస్. లేచి గడ్డి దులుపుకుని, "అయిపోతే చెప్పు. ఇంకో రెండుసార్లు ఎక్కొచ్చు, వెలుతురుంది," అంది.

లియోనా ముక్కు తుడుచుకుని, అయిపోయిందంది.

ఐదో రోజు నుంచి నేర్చుకోవాల్సింది గుర్రం కాదు, నాలుక. డగ్ జేబులో ఎప్పుడూ పళ్లకు బంకలా అతుక్కునే పిప్పరమెంట్లుంటాయి. ఒకటి లియోనా నోట్లో పెట్టాడు. నమిలి దవడలు రెండూ అంటుకుపోయాక ఎక్కించారు. నాలుక లేవబోయి బంకలో ఇరుక్కుంది. స్పడ్ చెవి వెనక్కి తిరిగింది, ఏమీ వినపడక మళ్లీ ముందుకు తిరిగింది. కాలు లేవలేదు. డగ్ చప్పట్లు కొట్టబోతే బెర్నిస్ కళ్లతోనే ఆపింది.

ఆ రోజు పద్నాలుగుసార్లు, మర్నాడు ఇరవైసార్లు ఎక్కి దిగింది. పిప్పరమెంటు ఉంటే గుర్రం నిలబడుతోంది. ఏడో రోజు పిప్పరమెంటు లేకుండా ఎక్కితే మొదటిసారే టక్కుమంది. లియోనా తిట్టిన తిట్లు అచ్చులో పెట్టేవి కావు. అయినా దింపమంది, మళ్లీ ఎక్కించమంది. అంచు రాకముందే నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించి గట్టిగా నొక్కి పట్టడం, భుజాలు కదలకుండా ఊపిరి బయటికి వదలడం. మాట్లాడకుండా ఇంత కష్టపడొచ్చని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పందెంలో గెలవడానికి పడ్డ పాట్లన్నీ ముందుకు పోవడానికి. పోకుండా ఉండటానికి పడే పాటు ఎముకల్ని కూడా నొప్పిస్తుందని ఇప్పుడే తెలిసింది. తొమ్మిదో రోజు పదిసార్లకు తొమ్మిదిసార్లు. పదో రోజు పదికి పది. ఆ సాయంత్రం బెర్నిస్ లామింగ్టన్ కేకు తెచ్చి, ఇది ఎవరి పుట్టినరోజూ కాదని ముందే హెచ్చరించి తలా ఒక ముక్క పెట్టింది.

పందొమ్మిదో తారీఖు వాన. షెడ్డు రేకుల మీద పడే వానకు మనిషి మాట మనిషికి వినిపించడం లేదు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పరీక్షకురాలి పేరు ఫిలిపా క్వేల్. నలభై దాటిన మనిషి, బురద అంటని బూట్లు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, మెడలో గడియారం. ముందు పగ్గాలు, పట్టీలు, చక్రాలు అన్నీ వంగి చూసింది. తర్వాత కుర్చీ ఎక్కించమంది.

డగ్ తోశాడు. అంచు మీద చక్రాలు టక్కుమన్నాయి. లియోనా నాలుక కింది పళ్లను వదల్లేదు. కుర్చీని కొక్కేలతో బిగిస్తున్నంతసేపూ, బెర్నిస్ పక్క సీట్లోకి ఎక్కి తన పగ్గాలు సర్దుకుంటున్నంతసేపూ స్పడ్ వాన చప్పుడు వింటూ నిలబడింది. రెండు నిమిషాలు గడిచాయి. ఫిలిపా తోలమంది. లియోనా అప్పుడు, కావాలని, తన ఇష్టప్రకారం నాలుకతో టక్కుమంది. స్పడ్ కదిలింది. నడిచింది, పరుగు నడక నడిచింది, దారికి గుర్తుగా జతలు జతలుగా పెట్టిన రంగు డబ్బాల మధ్య నుంచి ఒక్కటీ తగలకుండా దూరింది, ఆగమంటే ఆగింది. తిరిగొచ్చేసరికి లియోనా మొహం వెలిగిపోతోంది. పందెం గెలిచినప్పుడు కూడా ఇంత పొంగిపోలేదు, అప్పట్లో గెలవడం అలవాటు.

ఫిలిపా కాగితం మీద ఏదో రాసి, "బాగుంది. ఇప్పుడు ఇంకొకర్ని ఎక్కించండి," అంది.

ఇంకొకరెవరని అడిగింది బెర్నిస్. కుర్చీతో ఎక్కేది ప్రస్తుతానికి లియోనా ఒక్కతే. రేపు ఇంకొకరు వస్తారు కదా అంది ఫిలిపా. "ఒక్క మనిషికి నిలబడితే అది ఆ మనిషి గుర్రం. నేను పాస్ చేయాల్సింది మీ అందరి గుర్రాన్ని."

పదకొండు రోజులు లియోనా తన బరువు, తన ఊపిరి, తన నోరు తప్ప దేన్నీ పట్టించుకోలేదు. అయినా ఫిలిపా చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, అదే ఇంకా మంటగా ఉంది. "సరే. అయితే నా కుర్చీలో నువ్వే కూర్చో," అంది లియోనా.

ఫిలిపా బూట్ల వైపు చూసుకుంది. ఎంత సేపని అడిగింది. రెండు నిమిషాలంది బెర్నిస్, మీరు పెట్టిందే కదా.

డగ్ లియోనాను రెండు చేతులతో ఎత్తి గోడ పక్కన గడ్డిమోపుల మీద కూర్చోబెట్టాడు, పడిపోకుండా వెనక ఇంకో మోపు ఆనించాడు. ఫిలిపా హెల్మెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చున్న క్షణం నుంచి మాట్లాడటం మొదలుపెట్టింది, ర్యాంపు ఇంత నిటారుగా ఉంటుందనుకోలేదనీ, వెనకెవరున్నారో కనిపించడం లేదనీ, బ్రేకు ఏదనీ. డగ్ తోస్తున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది, నవ్వింది, అయ్యో అంది.

చక్రాలు అంచు మీద టక్కుమన్నాయి. పదిహేను అడుగుల దూరంలో, చేతిలో పగ్గం లేకుండా, కాళ్ల కింద ఏమీ లేకుండా కూర్చున్న లియోనా నాలుక అంగిట్లోకి లేచింది. ఆమె దాన్ని పళ్ల మధ్య పట్టుకుని కొరికింది. ఉప్పగా తగిలింది. వదల్లేదు.

స్పడ్ ఎడమ చెవి వెనక్కి తిరిగింది. తర్వాత పక్కకు, గడ్డిమోపుల వైపు తిరిగింది. లియోనా ఊపిరి కూడా తీసుకోలేదు. గుర్రం బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది, అంతే. మెడ దించి, నిలబడింది. కుర్చీ బిగించారు. బెర్నిస్ పక్కన ఎక్కింది. ఫిలిపా గడియారం చూడటం మరిచిపోతే డగ్ గుర్తు చేశాడు. రెండు నిమిషాలయ్యాక ఆమె అట్టను మోకాళ్ల మీద పెట్టుకుని, సంతకం చేసింది. పాసయిందని పైకే చెప్పింది. ఆ తర్వాత, తనను ఇక దింపొచ్చా అని అడిగింది.

"ఎక్కినవాళ్లు ఒక చుట్టు తోలాకే దిగుతారు. ఇక్కడ పద్ధతి అది. ఇదిగో, ఈ పిడుల్లోకి వేళ్లు దూర్చు," అంది బెర్నిస్.

అలాంటి పద్ధతేమీ లేదు. అయినా ఫిలిపా వేళ్లు దూర్చింది. బెర్నిస్ నడవమంది. స్పడ్ ఆ గొంతుకే కదిలి, షెడ్డు పొడవునా నడుస్తూ పోయింది. దాని వెనక లియోనా కుర్చీ, దాంట్లో ఎవరో పరాయి మనిషి, మొదట బిర్రబిగుసుకుని, సగం దూరం పోయాక చిన్నపిల్లలా నవ్వుతూ. లియోనా చూస్తోంది. తాను నేర్పిన గుర్రం తాను లేకుండా పోతోంది. అది ఇక తనది కాదు. ఆ సంగతి గుండెలో కలుక్కుమంది, దాంతోపాటే ఒళ్లంతా సంతోషం నిండింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి కళ్లనీళ్లు ఆగలేదు. వచ్చే గురువారం తాను తోలుతుంది. తర్వాత ఎవరో వస్తారు, మొహం చిట్లించుకుని, వాళ్లూ తోలుతారు.

డగ్ పక్కకు వచ్చి, ఇక్కడ చలిగా ఉంది, ఎత్తుకెళ్లి కారులో కూర్చోబెట్టనా అని అడిగాడు.

"వద్దు," అంది లియోనా. కొరికిన నాలుక మంటగా ఉండి మాట ముద్దగా వచ్చింది. "నా కుర్చీ తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉంటా. వాళ్లను ఇంకో చుట్టు పోనీ."